ఎలాతెలుసు మేష్టారి ఎర్ర పెన్సిలు

ఆ కాలేజీలో చరిత్ర చెప్పే మేష్టారికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాల పట్టీలో తప్ప అది మరెక్కడా కనబడదు. పిల్లలకీ, తోటి మేష్టర్లకీ, చివరికి ఇస్త్రీ బట్టలు తెచ్చే మనిషికీ ఆయన 'ఎలాతెలుసు మేష్టారు'. ఎవరేం చెప్పినా ఆయన మొదట అడిగే మాట అదే మరి. వానొచ్చేలా ఉంది సార్ అంటే, ఎలా తెలుసు అంటాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం కాదు. ముందు ఎద్దును చూపించమంటాడు. చూపించాక, అది ఎద్దేనని ఎవరు చెప్పారంటాడు. ఇలాంటి మనిషికి పెళ్లి కాలేదంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆయనకు రోము యుద్ధాల పిచ్చి. కత్తులూ గుర్రాలూ ఆయనకు పట్టవు. ఆ యుద్ధాల గురించి రాసి పెట్టిన పాతకాలం చరిత్రకారుల్లో ఎవరిని ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఆయన యావ. రెండు వేల ఏళ్ల కిందట పోయినవాళ్లను క్లాసులో బోనెక్కించి, ప్లీడరు సాక్షిని అడిగినట్టు అడిగేవాడు. నువ్వు చూశావా? ఎవరు చెప్పారు? అప్పుడు నీ వయసెంత? ఎవరింట్లో తిన్నావు?

ఏడాది మొదట్లోనే ప్రతి పిల్లా, పిల్లవాడూ మూడు పెన్సిళ్లు తెచ్చుకోవాలి. రాసినవాడు కళ్లారా చూసిన మాటైతే దాని కింద ఎర్ర గీత. చూసినవాణ్ని అడిగి రాసిందైతే నీలి గీత. ఎవరూ చూడ్డానికీ వినడానికీ వీల్లేనిది, రాసినవాడు కూచుని అల్లుకున్నదైతే మామూలు పెన్సిలు గీత. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతుల్లో మామూలు పెన్సిళ్లు అరిగి అంగుళానికి వచ్చేవి. ఎర్ర పెన్సిళ్లు కొన్నవి కొన్నట్టే ఉండేవి.

అన్నిటికన్నా ఎక్కువగా, ఇటలీలో 'కానే' అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధం పాఠానికి క్లాసు కిక్కిరిసేది. రోము సేన నాలుగు పక్కలా చిక్కుకుపోయి, కత్తి ఝళిపించే చోటు కూడా లేక, ఒక్క పూటలో నాశనమైన యుద్ధం అది. ఆ సేనకు ఇద్దరు అధిపతులు, రోజు మార్చి రోజు పెత్తనం. ఒకడు పెద్దింటివాడు, అక్కడే చచ్చిపోయాడు. రెండోవాణ్ని కసాయి కొడుకనేవాళ్లు. కొద్దిమంది రౌతులతో తప్పించుకుని బతికిపోయాడు. ఆ రోజు పెత్తనం ఇతనిది. తప్పంతా కసాయి కొడుకుదేనని పుస్తకాలన్నీ ఒకటే గోల.

"మనకు దొరికినవాటిలో పాతది రాసిందెవరు?" అని అడిగేవాడు మేష్టారు.

"గ్రీకాయన సార్."

"యుద్ధం చూశాడా?"

"అప్పటికి పుట్టనేలేదు సార్."

"ఎవరింట్లో ఉన్నాడు?"

"పెద్దింట్లో సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది.

"అదీ! బందీగా రోముకు వచ్చినవాణ్ని చేరదీసింది ఎవరు? చచ్చిపోయిన సేనాని కొడుకు. ఈయనకు ప్రాణస్నేహితుడెవరు? ఆ సేనాని మనవడు. ఇక తాతది తప్పని రాయమంటే ఎలా రాస్తాడర్రా? ఉప్పు తిన్న చెయ్యి ఉప్పగానే రాస్తుంది. ఆ కసాయి కొడుకు నిజంగా అంత చవటైతే, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సేనలెందుకు అప్పజెప్పారు? రాసిన మాట కాదు, చేసిన పని చూడండి."

ఒకసారి ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, అక్కడున్నవాడు నోరు విప్పకపోతే ఏం చేస్తాం?"

"ఏం చేస్తాం! ఉప్పు తిన్నవాడు రాసిందే చరిత్రవుతుంది" అని మేష్టారు పకపకా నవ్వాడు. క్లాసూ నవ్వింది. గదికి తాళం వేద్దామని గుమ్మంలో నిలబడ్డ తాళాల తాత మాత్రం నవ్వలేదు.

తాళాల తాతంటే కాలేజీ తలుపులన్నిటికీ అధిపతి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గుత్తి ఆయన నడుముకే ఉంది. సంతకం వచ్చు, చదువు రాదు. కానీ ఇన్నేళ్లూ గుమ్మాల్లో నిలబడి వినీ వినీ, రోము సంగతులు సగంమంది డిగ్రీవాళ్లకన్నా ఎక్కువే తెలుసు. ఆ రోజు పిల్లలంతా వెళ్లాక, "ఆ గ్రీకాయన్ని మరీ అంత ఉతక్కండి బాబూ. పాపం పరాయింట్లో ఉన్నాడు. పొద్దున్న లేస్తే ఆ ఇంటివాళ్ల మొహాలే చూడాలి కదా" అన్నాడు.

మేష్టారు దానికీ నవ్వాడు. ఆ నవ్వుకు ఆరు నెలలు నిండకుండానే పాత రికార్డుల గదిలో కూచుని ఏడవాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. పాత భవనంలో చదువుకునే గది మేడ మీద ఉంది. దిగడానికి ముందొక మెట్లదారి, వెనకొకటి. వెనక మెట్ల కింద ఒక తలుపు. సోమవారం మధ్యాహ్నం ముందు మెట్ల దగ్గర కరెంటు బోర్డు చిటపటమని పొగ కక్కింది. ఎవరో మంటలని అరిచారు. మంటలు లేవు, ఉత్త పొగే. కానీ అరవైమంది పిల్లలు ఒక్కసారిగా వెనక మెట్ల మీద పడ్డారు. కింద తలుపుకి తాళం. ముందున్నవాళ్లు ఆగిపోయారు, వెనకున్నవాళ్లకు ఆ సంగతి తెలీదు. తాళాల తాత బయటినుంచి పరిగెత్తుకొచ్చి తాళమైతే తీశాడు గానీ, ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. లోపలేమో పిల్లలు దానికి అతుక్కుపోయి ఉన్నారు. ఎంత తోస్తే మాత్రం వస్తుంది? తొమ్మిదిమంది ఆస్పత్రి పాలయ్యారు. ఒక పిల్లకు నడుం ఎముక విరిగింది. మళ్లీ నడుస్తుందో లేదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు.

పగటిపూట ఎప్పుడూ తీసి ఉండే ఆ తలుపుకి తాళం ఎందుకు పడింది? పెద్దసారు వెయ్యమన్నారు, వేశాను అన్నాడు తాత. నేనెప్పుడూ చెప్పలేదు, కాపలా కూచోలేక బద్ధకించి తనే వేసుకుని ఉంటాడు అన్నారు పెద్దసారు. విచారణ జరిపి తేల్చాలన్నది కాలేజీ కమిటీ. తాతదే తప్పని తేలితే ఆ సాయంత్రమే ఉద్యోగం ఊడుతుంది, మర్నాడు పోలీసులు తీసుకుపోతారు. ఒంటరి ముసలాడు, ప్లీడరును పెట్టుకునే దిక్కు కూడా లేదు.

పెద్దసారంటే కాలేజీ ప్రిన్సిపాలు. మేష్టారికి సొంత బావ, అక్క మొగుడు. తల్లి పోయాక తొమ్మిదేళ్ల వయసులో రేకుపెట్టె పట్టుకుని మేష్టారు ఆ ఇంటి గడప తొక్కాడు. సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని బడికి తీసుకెళ్లింది బావ. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది బావ. చదువు చెప్పించిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ, మేడ మీద వాటా ఇచ్చి 'ఇక్కడే ఉండవోయ్, ఇంకో ఇల్లెందుకు' అన్నదీ ఆయనే. ఏ కష్టమొచ్చినా బావ నోట్లోంచి ఒకటే మాట వచ్చేది. ఏం కాదు, నేనున్నాను.

అలాంటి బావ గురువారం నాడు మేడెక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూచుని, "విచారణ నువ్వే చెయ్యాలోయ్" అన్నాడు.

"నేనా? నేను మీ బావమరిదిని కదా. ఎవరు నమ్ముతారు?"

"ఊరంతా నమ్ముతుంది. నువ్వు కన్నతండ్రి చెప్పినా నమ్మవని అందరికీ తెలుసు. కమిటీవాళ్లే నీ పేరు చెప్పారు." బావ కళ్ల కింద నల్లగా ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. "ముప్పై ఏళ్లు పెట్టి కట్టుకున్న కాలేజీ ఇది. నేను పోతే ఇదీ పోతుంది. నువ్వు అబద్ధం రాయక్కర్లేదు. రుజువున్నంత వరకే రాయి. నీ పద్ధతే కదా అది."

అనుమానమే ఆస్తిగా బతికిన మనిషికి ఆ ఆస్తే ఉరితాడైంది. కాదంటే ఎందుకు కాదన్నావని అడుగుతారు. అవునంటే రాయాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేష్టారు తలూపాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బావే స్వయంగా ఆయన్ను రికార్డుల గదికి తీసుకొచ్చాడు. ఇనుప బీరువాలు, ఒక బల్ల, ఊచల కిటికీ. ఆ గది తలుపు విచిత్రమైనది. మూస్తే దానంతటదే బిగుసుకుంటుంది. బయటినుంచైతే తాళంచెవితో వస్తుంది. లోపలినుంచి తియ్యడంలో ఏదో కిటుకుంది, అది తాళాల తాతకొక్కడికే తెలుసు. "సాయంత్రం నాలుగింటికి కమిటీ. అప్పటికి నేనే వచ్చి తీస్తాను. ఎవరూ నిన్ను కదిలించరు. ఏం కాదు, నేనున్నాను" అని బావ వెళ్లిపోయాడు. తలుపు టక్కుమంది.

కిటికీలోంచి చూస్తే వరండాలో బెంచీ కనిపిస్తుంది. దాని మీద తాళాల తాత కూచుని ఉన్నాడు. తీర్పు వినడానికి రమ్మన్నారట. నడుముకి గుత్తి లేదు, సోమవారమే లాగేసుకున్నారు. అలవాటు కొద్దీ చెయ్యి అక్కడికి పోతోంది, ఏమీ తగలక మళ్లీ ఒళ్లోకి వస్తోంది. మేష్టారు చూడలేక కుర్చీ అటు తిప్పుకున్నాడు.

ఫైలు విప్పాడు. పిల్లల వాంగ్మూలాలు పదకొండు. అందులో ఒకటి ముందు బెంచీ అమ్మాయిది, కట్టు కట్టిన కుడిచెయ్యి వాడలేక ఎడంచేత్తో రాసింది. కోడి కెలికినట్టున్న ఆ అక్షరాల కింద రంగు గీతలున్నాయి! 'తలుపుకి తాళం ఉంది.' ఎర్ర గీత. 'తాత బయటినుంచి ఏడుస్తూ తోశాడని మా స్నేహితురాలు చెప్పింది.' నీలి గీత. 'తాళం ఎవరు వెయ్యమన్నారో నాకు తెలియదు.' దాని కింద ఏ గీతా లేదు. తెలియనిదాన్ని తెలియదని రాయడం పెద్ద పెద్ద చరిత్రకారులకే చేతకాలేదు. మేష్టారికి గర్వమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత తాళాల రిజిస్టరు. ఏ తలుపు ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో, ఎవరు చెప్పారో గుమాస్తా రాస్తే పక్కన తాత సంతకం పెడతాడు. పాత పేజీలన్నీ టీ మరకలూ, వేలిముద్రలూ, రోజుకో రంగు సిరా. ఆఖరి పేజీ మాత్రం తెల్లగా కడిగిన ముత్యంలా ఉంది. పన్నెండు రోజుల రాత, ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క మరక లేదు. పాత పేజీ తీసేసి, ఒక్క విడతలో కూచుని కొత్తగా రాసేశారు. వెనక తలుపు ఎదురుగా 'ఎవరు చెప్పారు' అన్న గడి ఖాళీగా ఉంది. సంతకం మాత్రం తాతదే, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి.

మేష్టారు ఆ పేజీని వెలుతురుకు పట్టి చూశాడు. బావ మరిచిపోయి ఉంటాడని, కంగారులో అలా అనేశాడని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఈ పేజీ చూశాక అలా చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

చివరికి తాత వాంగ్మూలం. గుమాస్తా అడిగాడు, రాసుకున్నాడు.

'తాళం వెయ్యమని ఎవరు చెప్పారు?'

'పెద్దసారు. పిల్లలు క్లాసులు ఎగ్గొట్టి అటునుంచి జారుకుంటున్నారు, రేపటినుంచి తాళం వెయ్యి, నేను చెప్పేదాకా తియ్యకు అన్నారు. ఏదైనా అయితేనో బాబూ అన్నాను. ఏం కాదు, నేనున్నాను అన్నారు.'

'ఆ మాట విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?'

'లేరు. నేనూ, ఆయనా, అంతే.'

ఆ ఆఖరి వాక్యం దగ్గర మేష్టారి చూపు ఆగిపోయింది. కాగితం బల్ల మీద పెట్టి చేతులు రెండూ దాని మీద ఆన్చుకున్నాడు.

ఎందుకంటే మూడో మనిషి ఉన్నాడు. ఆ రోజు నోటీసు బోర్డు మీద పరీక్షల పట్టిక గుచ్చుతూ, నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని, వాళ్లకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మాట మాటా విన్నాడు. బావ అటు తిరిగి వెళ్లిపోయాడు, చూడలేదు. తాత చూశాడు. చూసి, 'ఇన్ని తలుపులు చాలవని ఇదొకటి' అన్నట్టు చెయ్యి కూడా తిప్పాడు. నోట్లో సూదులతో ఈయన నవ్వాడు.

ఆ మూడో మనిషి ఎలాతెలుసు మేష్టారే. సోమవారం నుంచీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నాడు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు. తాత చెప్పేస్తాడనుకుని రోజూ భయపడ్డాడు, చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తాతేమో లేరన్నాడు. ఉన్న ఒక్క సాక్షినీ తన చేత్తోనే చెరిపేసుకున్నాడు! ఎందుకన్నాడో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పాపం పరాయింట్లో ఉన్నాడు, పొద్దున్న లేస్తే ఆ ఇంటివాళ్ల మొహాలే చూడాలి కదా.

మేష్టారు కలం తీశాడు. మొదటి చిత్తు పదకొండున్నరకల్లా అయిపోయింది. చక్కగా వచ్చింది. 'తాళం వెయ్యమని ప్రిన్సిపాలు చెప్పినట్టు గానీ, చెప్పలేదని గానీ రుజువు దొరకలేదు. ఒకరి మాటకు ఎదురుగా ఇంకొకరి మాట మాత్రమే ఉంది. నిందితుడే మూడో సాక్షి లేడని ఒప్పుకున్నాడు. రిజిస్టరులో ఉత్తర్వు నమోదు కాలేదు. కనుక తాళం వేసిన మనిషిదే బాధ్యత.' ఒక్కొక్క వాక్యమూ సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. జీవితమంతా నేర్చుకున్న అనుమానం ఎంత బాగా పనికొచ్చిందో చూసుకుని ఆయనకే ముచ్చటేసింది. ఒక్క అబద్ధం లేకుండా ఎంత పెద్ద అబద్ధం రాయొచ్చో!

అలవాటు చొప్పున జేబులోంచి మూడు పెన్సిళ్లూ తీశాడు. 'రుజువు దొరకలేదు' అన్న మాట కింద ఏ రంగు గియ్యాలి? ఎరుపు గియ్యడానికి లేదు. నీలం అంతకన్నా కాదు. మామూలు పెన్సిలు ఆ మాట మీద పెట్టాడు. ముక్కు విరిగింది. చెక్కుకోవడానికి షార్పనరూ లేదు, బ్లేడూ లేదు. అక్కడితో ఆపి, కాగితం ముందు అలాగే కూచున్నాడు.

ఒంటిగంటకు తలుపు చప్పుడైంది. అటెండరు బయటినుంచి తీసి పట్టుకుంటే అక్క క్యారియరుతో లోపలికొచ్చింది. పిల్లలు లేని అక్క. ఆవిడకు తమ్ముడే పెద్ద కొడుకు, ఆ కాలేజీ చిన్న కొడుకు. గిన్నెలు విప్పి ముందు పెట్టి, ఎదురుగా బీరువాకి ఆనుకుని నిలబడింది.

"తినరా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

తిన్నాడు.

"రాశావా?"

"రాస్తున్నానక్కా."

"నాకు మీ చదువులు తెలీవురా. ఒక్కటే తెలుసు. ఆయన మాటపడితే బతకరు. ఐదు రోజులుగా మంచమ్మీద కూచునే తెల్లారబెడుతున్నారు. నిన్న ఆస్పత్రికి వెళ్లి ఆ నడుం విరిగిన పిల్ల మంచం దగ్గర గంటసేపు నిలబడి వచ్చారట. నాతో చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన చెడ్డవాడు కాదురా."

"నాకు తెలీదా అక్కా?"

"మరింకేం. ఆ తాతకు కావాలంటే తర్వాత ఏదో ఒకటి చూద్దాం. ఆయనే చూస్తారు. నువ్వు మాత్రం ఆయన మీద పడకుండా చూడు. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు నేను."

నిజమే. ముప్పై ఆరేళ్లలో ఆవిడ అడిగింది ఇదొక్కటే. గిన్నెలు సర్దుకుని, తలుపు కొట్టి, అటెండరు తీశాక వెళ్లిపోయింది. వెళ్తూ వరండాలో తాత ముందు ఒక్క క్షణం ఆగింది. తాత లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఆవిడ తల దించుకుని నడిచింది.

తలుపు మళ్లీ టక్కుమంది. గదిలో గాలి లేదు. మేష్టారు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కానే దగ్గర చిక్కుకుపోయిన సేన గురించి ఇరవై రెండేళ్లు పాఠం చెప్పాడు గానీ, అలా నాలుగు పక్కలా మూసుకుపోవడమంటే ఏమిటో ఈ పూటే తెలిసింది. ముందు అక్క, వెనక తాత. ఒక పక్క బావ, ఇంకో పక్క ఎడంచేత్తో రాసిన ఆ పిల్ల.

ఉన్నట్టుండి గ్రీకాయన గుర్తొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆయన మీద జాలేసింది. పగలంతా పుస్తకాల్లో తలదూర్చి, సాయంత్రం భోజనాల దగ్గర కూచుంటే, ఆ ఇంటి కుర్రాడు వడ్డించిన పళ్లెం ముందుకు జరుపుతూ 'మా తాత అలాంటివాడు కాదు' అని ఉంటాడు. ఈయన తల ఊపి ఉంటాడు. రోజూ ఊపగా ఊపగా అది నిజమని నమ్మేసి కూడా ఉండొచ్చు. ఇది కూడా అల్లుకున్నదేలే, మామూలు పెన్సిలు గీతే అని మేష్టారు తనను తానే తిట్టుకున్నాడు. అయినా ఒక తేడా ఉంది. ఆయన యుద్ధం చూడలేదు, అప్పటికి పుట్టనేలేదు. ఆ గ్రీకాయన బతికిన ఇంట్లో తాను బతుకుతున్నాడు, ఒప్పుకోవాల్సిందే. కానీ నోట్లో సూదులు పెట్టుకుని అక్కడ నిలబడ్డవాడు మాత్రం గ్రీకాయన కాదు.

చిత్తు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం తీశాడు. ఏడుపొస్తోంది. అక్క మొహం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వచ్చే ఏడుపును రానిస్తూనే రాశాడు. పావుతక్కువ నాలుగుకి సంతకం పెట్టాడు.

నాలుగింటికి బావ వచ్చాడు. తాళంచెవి జేబులో వేసుకుంటూ లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన వెనకే గది తలుపు బిగుసుకుంది. "అయిందా?" అని కాగితం అందుకుని నిలబడే చదవడం మొదలుపెట్టాడు. బయట వాళ్లెవరూ వినకుండా గొంతు తగ్గించి పైకే చదివాడు.

"'వాంగ్మూలాలన్నీ పరిశీలించాను. నిందితుడి వాంగ్మూలంలో ఒక అబద్ధం ఉంది.'" బావ మొహంలో ఐదు రోజుల తర్వాత రక్తం ఆడింది. "అదీ! నాకు తెలుసోయ్, నువ్వు పట్టుకుంటావని."

"చదవండి బావా."

"'ఉత్తర్వు విన్నవాళ్లు మరెవరూ లేరని అతను చెప్పాడు. అది అబద్ధం. ఆ సమయంలో అక్కడ నేనున్నాను. మిగతా అతను చెప్పినదంతా...'"

పైకి చదవడం ఆపేశాడు. కళ్లు మాత్రం ఒక్కొక్క వరుసా దిగాయి. 'నేనున్నాను' కింద ఎర్ర గీత ఉంది. ఆ కింద ఉత్తర్వు మాటలు వరసగా ఉన్నాయి, అన్నిటికీ ఎర్ర గీతలే. రిజిస్టరు పేజీ సంగతీ ఉంది. ఆఖరున ఇలా ఉంది: 'ఇది రాసినవాడు ప్రిన్సిపాలుగారి ఇంట్లో పెరిగాడు, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాడు. చదివేవాళ్లు ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.'

బావ కుర్చీలో కూలబడ్డాడు. కోప్పడతాడని మేష్టారు అనుకున్నాడు. కోప్పడితే బాగుండేది.

"ఎక్కడున్నావు నువ్వు?" అన్నాడు బావ.

"నోటీసు బోర్డు దగ్గర."

"నేను చూడలేదు."

"అవును బావా. మీరు చూడలేదు."

"నేను దీన్ని చింపేస్తే?"

"చింపండి. మళ్లీ రాస్తాను. కంఠతా వచ్చేసింది."

బావ కాగితం వంక చూశాడు. చింపలేదు. "మీ అక్కకేం చెప్తావు?" అన్నాడు. మేష్టారు బల్ల మీది మూడు పెన్సిళ్లూ ఏరి జేబులో వేసుకున్నాడు.

చివరికి బావ లేచి తలుపు గొళ్లెం తిప్పాడు. రాలేదు. లాగాడు. గుంజాడు. తాళంచెవి తీసి చూస్తే లోపలివైపు చెవి పెట్టే కన్నమే లేదు. నుదుటి మీద చెమట పట్టింది. "ఎవరక్కడ?" అని అరిచాడు. అటెండరు టీకి పోయాడు. మళ్లీ గుంజాడు, రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి. ఆ తలుపు అవతల ఊపిరాడని పిల్లలెవరూ లేరు, అయినా ఆయన వణికిపోతున్నాడు.

"గుంజకండి బాబూ, బిగుసుకుంటుంది" అంది బయటినుంచి ఒక గొంతు. "ముందు తలుపును మీ వైపు కాస్త పైకెత్తండి. ఎత్తిపట్టి, అప్పుడు గొళ్లెం కిందికి. అంతే. నెమ్మదిగా."

బావ ఎత్తిపట్టాడు. గొళ్లెం కిందికి దిగింది. తలుపు వచ్చింది.

గుమ్మం అవతల తాళాల తాత నిలబడి ఉన్నాడు. బావ ఆయన వంక చూడబోయి, చూడలేక, కాగితం చేత్తోనే పట్టుకుని కమిటీ గది వైపు నడిచాడు. నడక ముసలివాడి నడకలా ఉంది. మేష్టారు వెనకే వరండాలోకి వచ్చాడు. బెంచీ మీద కూచున్నాడు. ఇవాళ ఏ ఇంటికి పోవాలో ఆయనకు తెలియదు.

"అయిపోయిందా బాబూ?" అన్నాడు తాత.

"అయిపోయింది."

"నా గురించి ఏం రాశారు?"

"అబద్ధం చెప్పావని రాశాను తాతా."

తాత మొహం పాలిపోయింది. చెయ్యి నడుం దగ్గరికి పోయి, ఏమీ దొరక్క అక్కడే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లు గుమ్మాల్లో నిలబడి విన్న మాట, తను అడగడం ఇదే మొదటిసారి.

"ఎలా తెలుసు?"

"ఎవరూ లేరన్నావు కదా" అన్నాడు మేష్టారు. "అక్కడ నేనున్నాను కదా తాతా."